ఎండను పట్టిన ఆడవాళ్ళు

1. బండల ఊరు

పుప్పాలగూడ ఒకప్పుడు చిన్న పల్లె. హైదరాబాదుకు పడమటి దిక్కున ఉంది. రంగారెడ్డి జిల్లా, గండిపేట మండలం. చుట్టూ గుట్టలు, పెద్ద పెద్ద బండలు. బండల నడుమ పొలాలు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ అనే పెద్ద భవనం తెరిచారు. కంప్యూటర్ కంపెనీలు వచ్చాయి. ఒకదాని వెనుక ఒకటి మేడలు లేచాయి. మేడలు పెరుగుతూ పెరుగుతూ పుప్పాలగూడ దాకా వచ్చాయి. ఇప్పుడు అక్కడ తల ఎత్తి చూస్తే ముప్పై, నలభై అంతస్తుల మేడలు కనిపిస్తాయి.

ఆ మేడల్లో కంప్యూటర్ పని చేసే ఆడవాళ్ళు ఉన్నారు. అవే మేడల్లో ఊడ్చే ఆడవాళ్ళు, వంట చేసే ఆడవాళ్ళు ఉన్నారు. ఆ మేడలు కట్టేటప్పుడు ఇసుక మోసిన ఆడవాళ్ళూ ఉన్నారు.

ఒకరు మీట నొక్కితే పని జరుగుతుంది. ఇంకొకరు నడుము వంచితే పని జరుగుతుంది. ఇద్దరూ ఆడవాళ్ళే. మరి తేడా ఎక్కడ వచ్చింది? బలంలోనా? తెలివిలోనా? తలరాతలోనా?

నూట ఇరవై ఏళ్ళ కిందనే ఒక ఆమె ఇట్లాంటి ప్రశ్న వేసింది. యంత్రాలు వస్తే మనిషి బతుకు ఎట్లా మారుతుందని ఆలోచించింది. ఆలోచించి ఒక కథ రాసింది. ఆమె పేరు రొకేయా. ఆమె రాసింది సైన్సు కథ.

సైన్సు కథ అంటే ఏమిటి? పాత కథల్లో మంత్రం వేస్తే చాప గాలిలో ఎగురుతుంది. సైన్సు కథలో చాప ఊరికే ఎగరదు. ఎందుకు ఎగిరిందో కారణం చెప్పాలి. ఈ రోజు లేని యంత్రం రేపు వస్తే ఏమవుతుంది? ఊరు ఎట్లా ఉంటుంది? ఇల్లు ఎట్లా ఉంటుంది? ఇట్లా ముందుచూపుతో ఊహించి చెప్పేదే సైన్సు కథ.

2. దొంగచాటు చదువు

రొకేయా 1880లో పుట్టింది. ఊరు పైరాబంద్. రంగపూర్ ప్రాంతంలో ఉంది. అది ఇప్పుడు బంగ్లాదేశ్. ఆమె తండ్రి జమీందారు. ఇంట్లో దేనికీ కొదవ లేదు. లేనిది ఒక్కటే. ఆడపిల్లకు చదువు.

ఆ ఇంట్లో ఘోషా చాలా గట్టిది. ఐదేళ్ళ వయసు నుంచే రొకేయా పరాయి మగవాళ్ళకు కనబడకూడదు. బయటి ఆడవాళ్ళు వచ్చినా దాక్కోవాలి.

మగపిల్లలను కలకత్తా పంపి చదివించారు. ఆడపిల్లలకు ఖురాను చదవడం నేర్పారు. అంతటితో సరి. బెంగాలీ నేర్వకూడదు. ఇంగ్లీషు అసలే నేర్వకూడదు. 

అక్క కరీమున్నిసాకు చదువంటే ప్రాణం. ఆమెకు చిన్న వయసులోనే పెళ్ళి చేసి పంపేశారు. అయినా అక్క చెల్లెలికి బెంగాలీ నేర్పింది. అన్న ఇబ్రహీం ఇంగ్లీషు నేర్పాడు. ఎప్పుడు? రాత్రి పూట. ఇంట్లో అందరూ నిద్రపోయాక. కొవ్వొత్తి వెలుగులో.

రాత్రి దీపం ముందు కూర్చొని అక్షరాలు దిద్దిన అక్కలకు ఆ కష్టం తెలుసు. పగలంతా పని. కళ్ళు మూతలు పడుతుంటాయి. అయినా అక్షరం పట్టు వదలదు.

ఆ రోజుల్లో చదువు ఎంతమందికి వచ్చు? 1901లో జనాభా లెక్కలు తీశారు. మన దేశంలో వెయ్యిమంది ఆడవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు ఆరేడుగురే.

రొకేయాకు పెళ్ళయింది. భర్త పేరు సఖావత్ హుసేన్. బీహారులోని భాగల్పూర్‌లో పెద్ద సర్కారు ఉద్యోగి. వయసులో ఆమెకంటే చాలా పెద్దవాడు. కాని భార్య చదువుకు అడ్డు రాలేదు. చదువు, రాయి అని ప్రోత్సహించాడు.

ఒకసారి ఆయన పనిమీద ఊరు వెళ్ళాడు. ఇంట్లో పొద్దుపోక రొకేయా ఒక కథ రాసింది. ఇంగ్లీషులో రాసింది. ఆయన తిరిగి వచ్చి ఆ కాగితాలు చేతిలోకి తీసుకున్నాడు. నిలబడే మొత్తం చదివాడు. మగవాళ్ళ మీద గట్టి పగే తీర్చుకున్నావని మెచ్చుకున్నాడు.

ఆ కథ పేరు 'సుల్తానా కల'. 1905లో అచ్చయింది. ఎక్కడ? మద్రాసులో. 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అనే పత్రికలో. 1901లో ఆ పత్రికను మొదలుపెట్టి నడిపింది కమలా సత్యనాథన్. ఆమె తెలుగింటి ఆడపడుచు. బెంగాల్ ఆడమనిషి కన్న కలను తెలుగు ఆడమనిషి అచ్చు వేసి లోకానికి చూపించింది.

3. సుల్తానాకు వచ్చిన కల

కథ ఇది. సుల్తానా అనే ఆమె కుర్చీలో కూర్చుని ఉంటుంది. మన దేశంలో ఆడవాళ్ళ బతుకు గురించి ఆలోచిస్తూ కునుకు తీస్తుంది. ఒక స్నేహితురాలు వచ్చి బయట తిరిగి వద్దాం రమ్మంటుంది.

వీధిలో అడుగు పెడితే అంతా కొత్త. ఎక్కడా మగవాళ్ళు లేరు. అందరూ ఆడవాళ్ళే. తలకు ముసుగు లేదు. ముఖంలో భయం లేదు. సుల్తానా సిగ్గుతో ముడుచుకుపోతుంది. వీధిలోని వాళ్ళు ఆమెను చూసి నవ్వుతారు. నువ్వు మగవాడిలా ఉన్నావు అంటారు. ఎందుకంటే ఆ దేశంలో సిగ్గుపడేది, బెదిరేది మగవాళ్ళే.

మగవాళ్ళు ఎక్కడ? ఇళ్ళ లోపల. మన దగ్గర జనానా ఉన్నట్టు అక్కడ మర్దానా ఉంది. మగవాళ్ళు అందులో ఉంటారు. వంట చేస్తారు. పిల్లలను చూసుకుంటారు.

సుల్తానా వంటిల్లు చూస్తుంది. కూరగాయల తోటలో వంటిల్లు. పొగ లేదు. బొగ్గు లేదు. కట్టె లేదు. మరి వంట ఎట్లా? ఎండతో. ఎండ వేడిని గొట్టంతో పట్టి పొయ్యికి తెస్తారు.

నీళ్ళు ఎట్లా? మబ్బుల కంటే పైకి ఒక పెద్ద బుడగను పంపుతారు. దానికి గొట్టాలు ఉంటాయి. గాలిలోని తేమను అక్కడే పట్టి నీళ్ళుగా కిందికి తెస్తారు. కరువు లేదు. వరద లేదు. బురద లేదు.

పొలం కరెంటుతో దున్నుతారు. గాలిలో ఎగిరే బండిలో తిరుగుతారు. రోజుకు పని రెండు గంటలే.

ఇదంతా ఎట్లా జరిగింది? ఆ దేశపు రాణి ముందుగా ఒక పని చేసింది. ఆడపిల్లలందరికీ బళ్ళు పెట్టించింది. 21 ఏళ్ళు నిండనిదే పెళ్ళి చేయకూడదని చట్టం తెచ్చింది. తర్వాత ఆడవాళ్ళకు రెండు విశ్వవిద్యాలయాలు పెట్టింది. ఒకదానిలో నీళ్ళు పట్టే బుడగ చేశారు. రెండోదానిలో ఎండ వేడి దాచే యంత్రం చేశారు. అప్పుడు మగవాళ్ళు తుపాకులు, సైన్యం పెంచుకునే పనిలో ఉన్నారు. ఈ ఆడవాళ్ళ సైన్సును చూసి ఎగతాళి చేశారు.

ఇంతలో పక్క దేశం నుంచి కొందరు పారిపోయి వచ్చారు. రాణిని శరణు అడిగారు. వాళ్ళను మాకు అప్పగించు అని పక్క రాజు అడిగాడు. శరణు అన్నవాళ్ళను ఇవ్వను అన్నది రాణి. యుద్ధం వచ్చింది. మగవాళ్ళు పోరాడి ఓడిపోయారు. గాయపడి ఇళ్ళకు చేరారు.

అప్పుడు రెండో విశ్వవిద్యాలయం పెద్దమ్మ ముందుకు వచ్చింది. 2000 మంది విద్యార్థినులు ఆమె వెంట నడిచారు. దాచిపెట్టిన ఎండ వేడిని ఒక్కసారిగా శత్రువు మీదికి తిప్పారు. శత్రువులు వేడికి తాళలేక పారిపోయారు.

భూతద్దం ఎండలో పట్టి కాగితం కాల్చిన పిల్లలకు ఈ సంగతి తెలుసు. చెదిరిన వేడిని ఒక్క చోటికి చేరిస్తే నిప్పు పుడుతుంది.

ఆడవాళ్ళు యుద్ధానికి బయలుదేరే ముందు మగవాళ్ళు మర్దానాలోకి వెళ్ళారు. మళ్ళీ బయటికి రాలేదు. ఆ దేశంలో గెలిచినవాళ్ళు ఇంకొకరి భూమి కోరుకోలేదు. బంగారం, వజ్రాల కోసం కొట్లాడలేదు. జ్ఞానం కోసమే వెతికారు.

చివరికి సుల్తానా ఎగిరే బండి నుంచి జారి పడుతుంది. కళ్ళు తెరిచి చూస్తే తన కుర్చీలోనే ఉంటుంది.

4. అక్కల మాటలు

ఈ కథ వింటే పుప్పాలగూడ మేడల్లో పని చేసే అక్కలు ఏమనుకుంటారు? పని నుంచి వచ్చి నలుగురూ ఒక చోట కూర్చున్నారు అనుకుందాం. వాళ్ళ మాటలు విందాం.

"ఏందక్కా, మొగోళ్ళను ఇంట్ల కూసోబెట్టిండ్రా?" అని చిన్న చెల్లె నవ్వింది.

"నవ్వకు చెల్లె. ఆడోళ్ళను గట్లనే కూసోబెట్టిండ్రు గదా. అప్పుడు ఎవరికీ నవ్వు రాలే" అన్నది పెద్దక్క.

"మరి గది న్యాయమేనా? వాళ్ళు చేసిన తప్పు మనం కూడా చేసుడా?" అని వదిన అడిగింది.

"న్యాయం కాదు వదినా. ఆమె కూడా న్యాయమని రాయలే. అద్దంల కుడి ఎడమైతది. గట్ల తిప్పి చూపెట్టింది. తిప్పి చూస్తెనే తప్పు కండ్లకు కనబడతది."

"నాకైతే రెండు గంటల పని మాట మస్తు నచ్చింది" అన్నది చెల్లె. "నేను పొద్దున ఆరింటికి పోతే రాత్రి ఏడింటికి వస్త. మూడిండ్ల గిన్నెలు. వచ్చినంక మా ఇంటి గిన్నెలు."

"నేను పోయే ఇంట్ల గిన్నెలు కడిగే మిషిను వచ్చింది" అన్నది వదిన. "అయినా నా పని తగ్గలే. ఆ ఇంట్ల జీతం తగ్గించిండ్రు. ఇంకో ఇల్లు ఒప్పుకున్న."

పెద్దక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది.

"మిషిను టైము మిగిలించింది. నిజమే. మిగిలిన టైము ఎవరికి పోయింది? అది మిషిను చెప్పదు. మనిషే అడగాలె."

"అడిగేటోళ్ళు ఎవరక్కా?"

"ఆ కథల రాణి ముందుగాల మిషిన్లు కొన్నదా? లేదు. బళ్ళు పెట్టింది. చదువు వచ్చినంక మిషిన్లు వాళ్ళే చేసుకున్నరు. అందుకే ఆ దేశంల మిషిను వాళ్ళ మాట విన్నది."

5. కలలో ఎంత నిజమయింది?

1905లో ఈ కథ చదివినవాళ్ళకు అంతా వింత. అమెరికాలో రైట్ అన్నదమ్ములు విమానం ఎగరేసి రెండేళ్ళే అయింది. మన దేశంలో ఇంకా విమానం ఎగరలేదు. ఇప్పుడు శంషాబాదులో దిగే విమానాలను చూసి ఎవరూ ఆశ్చర్యపోరు.

ఎండతో వంట నిజమయింది. సోలార్ పొయ్యి ఒక పెట్టె. లోపల నల్ల రంగు. పైన అద్దం మూత. ఎండ లోపలికి పోతుంది. నల్ల రంగు వేడిని పీలుస్తుంది. అద్దం ఆ వేడిని బయటికి పోనివ్వదు. లోపల అన్నం ఉడుకుతుంది.

ఎండతో కరెంటు కూడా తీస్తున్నారు. రామగుండంలో జలాశయం నీటి మీద సోలార్ పలకలు తేలేలా పరిచారు. 2022లో ఆ పని పూర్తయింది. దాని శక్తి 100 మెగావాట్లు.

గాలి నుంచి నీళ్ళు పట్టడమూ నిజమయింది. చిలీ దేశంలో ఎడారి కొండల మీద వలలు కట్టారు. పొగమంచు వలకు తగిలి చుక్కలు చుక్కలుగా రాలుతుంది. ఆ నీళ్ళు తాగడానికి, మొక్కలకు వాడుతున్నారు.

పొగ లేని వంటిల్లు సగం నిజమయింది. కట్టెల పొయ్యి పొగ కళ్ళకు, ఊపిరితిత్తులకు చేటు. ఆడవాళ్ళ సంఘాల వారికి గ్యాసు ఇవ్వడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో దేశమంతటా ఉజ్వల పథకం వచ్చింది. అయినా బండ కొనే డబ్బు లేని ఇళ్ళలో ఇంకా కట్టెల పొయ్యే వెలుగుతోంది.

పెళ్ళి వయసు మాట చూద్దాం. కథ వచ్చిన 24 ఏళ్ళకు, 1929లో శారదా చట్టం వచ్చింది. ఆడపిల్లకు 14 ఏళ్ళు నిండాలి అన్నది. 1978లో దాన్ని 18 చేశారు. ఆ కథలోని రాణి 21 అన్నది.

ఆడవాళ్ళు శాస్త్రవేత్తలు కావడం నిజమయింది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుడి మీద దిగింది. ఆ పనికి రెండో పెద్దగా ఉన్నది కల్పనా కాళహస్తి. ఆమె మన తెలుగింటి ఆడపడుచు.

ఇక రెండు గంటల పని? అది ఇంకా కల. యంత్రాలు చాలా వచ్చాయి. ఊడ్చే ఆమె పని గంటలు మాత్రం తగ్గలేదు. ఎందుకని? కథలో యంత్రాన్ని చేసింది, వాడింది, దాని ఫలం పంచింది ఒక్కరే. మన దగ్గర యంత్రం ఒకరిది. చెమట ఇంకొకరిది.

6. ఎండకు భేదం లేదు

రొకేయా ఎండనే ఎందుకు ఎన్నుకుంది? ఆలోచిస్తే ఒక సంగతి తెలుస్తుంది. బంగారాన్ని పెట్టెలో దాచవచ్చు. భూమికి కంచె వేయవచ్చు. సూర్యుడికి కంచె వేయలేరు.

సూర్యుడు మనకు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అక్కడ బయలుదేరిన వెలుగు ఇక్కడికి రావడానికి 8 నిమిషాలకు పైగా పడుతుంది. వచ్చిన వెలుగు నలభై అంతస్తుల మేడ మీద పడుతుంది. మేడ పక్కన రేకుల గుడిసె మీద కూడా పడుతుంది.

రాత్రి ఆకాశంలో మెరిసే చుక్కలు కూడా సూర్యుళ్ళే. చాలా దూరంలో ఉన్నాయి కనుక చిన్నగా కనిపిస్తాయి. ఈ విశ్వం పుట్టి సుమారు 1380 కోట్ల ఏళ్ళు. మన భూమి పుట్టి సుమారు 450 కోట్ల ఏళ్ళు. హైదరాబాదు చుట్టుపక్కల బండల వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పుప్పాలగూడలో మేడల కోసం పేల్చిన బండలు కూడా అంత పాతవే. ఒక బండ తయారు కావడానికి కోట్ల ఏళ్ళు. పగలడానికి ఒక్క క్షణం.

అంత పెద్ద విశ్వంలో మనిషి ఎంత? ఇసుక రేణువంత కూడా కాదు. అయినా ఆ రేణువు తల ఎత్తి చుక్కలను లెక్క పెట్టింది. అది చదువు బలం. అదే మనిషి పక్కవాడి భూమి కోసం తుపాకి కూడా చేశాడు. అది ఆశ బలం. యంత్రం రెండింటికీ పనికి వస్తుంది. ఎండ వేడి అన్నం వండుతుంది. అదే వేడి సైన్యాన్ని కూడా కాలుస్తుంది. ఏది చేయాలో యంత్రానికి తెలియదు. రొకేయా కథలో ఇది పెద్ద మాట.

7. కథ రాసిన చేతితో బడి

రొకేయా కల కని ఊరుకోలేదు. 1909లో భర్త చనిపోయాడు. ఆ ఏడే భాగల్పూర్‌లో ఆడపిల్లల బడి పెట్టింది. పిల్లలు ఐదుగురే. 1911లో బడిని కలకత్తాకు మార్చింది. అక్కడ ఎనిమిది మంది పిల్లలతో మొదలుపెట్టింది.

ఇల్లిల్లూ తిరిగి ఆడపిల్లలను పంపమని బతిమాలింది. ఘోషా పోకూడదని కొందరు అన్నారు. సరే అని మూసి ఉన్న బండిలో పిల్లలను తెప్పించింది. బండిలో గాలి ఆడలేదు. పిల్లలు వాంతులు చేసుకున్నారు. సొమ్మసిల్లారు. కిటికీలు తెరిచి తెరలు కట్టించింది. గాలికి తెరలు ఎగురుతున్నాయని మళ్ళీ తిడుతూ ఉత్తరాలు వచ్చాయి. ఆమె బడి మూయలేదు.

కథలో గాలిలో ఎగిరే బండి. నిజంలో గాలి ఆడని బండి. ఆ రెంటి మధ్య దూరం తగ్గించడానికే రొకేయా బతుకంతా పని చేసింది. 1932 డిసెంబర్ 9న చనిపోయింది. ఆమె బడి కలకత్తాలో ఇప్పటికీ నడుస్తోంది.

2011 లెక్కల్లో తెలంగాణ జిల్లాలలో వందమంది ఆడవాళ్ళలో 58 మందికి చదువు వచ్చు. వెయ్యికి ఆరేడుగురు ఉన్న రోజు నుంచి ఇక్కడికి వచ్చాం. ఇంకా 42 మంది మిగిలారు.

చదువు వచ్చిన అక్క ముందుగా ఏం చదవాలి? తన జీతం కాగితం చదవాలి. హాజరు పుస్తకంలో తన పేరు చదవాలి. గోడ మీద అంటించిన నోటీసు చదవాలి. అర్థం కాకపోతే అడగాలి. అడగడం కూడా చదువే. ఆ తర్వాత కథలు చదవాలి. కథ మనకు లేనిదాన్ని చూపిస్తుంది. ఎందుకు లేదు అని అడిగే ధైర్యం ఇస్తుంది.

కొత్త మాటలు

జనానా - ఇంట్లో ఆడవాళ్ళు ఉండే భాగం
మర్దానా - ఇంట్లో మగవాళ్ళు ఉండే భాగం
ఘోషా - ఆడవాళ్ళు పరాయివాళ్ళకు కనబడకూడదనే కట్టుబాటు
విశ్వం - భూమి, సూర్యుడు, చుక్కలు అన్నీ కలిసినది
శరణు - నన్ను కాపాడమని వేడుకోవడం

చేసి చూడండి

ఒకే కొలత డబ్బాలు రెండు తీసుకోండి. ఒకదానికి నల్ల రంగు, ఇంకొకదానికి తెల్ల రంగు వేయండి. రెండింటిలో సమంగా నీళ్ళు పోసి మూత పెట్టండి. రెండు గంటలు ఎండలో ఉంచండి. తర్వాత వేలు ముంచి చూడండి. ఏ నీళ్ళు ఎక్కువ వేడిగా ఉన్నాయి? ఎందుకు?

చర్చించండి

1. కథలోని రాణి యంత్రాల కంటే ముందు బళ్ళు ఎందుకు పెట్టింది?
2. మగవాళ్ళను లోపల ఉంచడం న్యాయమేనా? మరి ఆడవాళ్ళను ఉంచడం?
3. మీ ఇంట్లోకి, మీరు పని చేసే చోటికి వచ్చిన యంత్రాలు ఏవి? వాటివల్ల ఎవరి పని తగ్గింది? ఎవరి పని తగ్గలేదు?

రాయండి

మీకు రోజుకు రెండు గంటలే పని ఉంటే మిగిలిన పొద్దు ఏం చేస్తారు? ఐదు వాక్యాలు రాయండి. రాసినదాన్ని మీ కూతురికో, కోడలికో, పక్కింటి అక్కకో చదివి వినిపించండి.